రూమీ గోడ కేలండర్ 2026: జీవితం నమ్మొచ్చు, సూక్తులు నమ్మలేం

పదమూడో శతాబ్దపు ఫార్సీ సూఫీ కవి మౌలానా జలాలుద్దీన్ రూమీ జీవితాన్ని పన్నెండు ఆకుల్లో చెప్పే గోడ కేలండర్ ఇది. అచ్చయింది నాందేడ్‌లో. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ స్టేషనరీ దుకాణాల్లో 260 రూపాయలకు దొరుకుతోంది. ప్రతి ఆకు మీదా పైన బొమ్మ, దాని కింద తెలుగు, మరాఠీ, ఉర్దూల్లో ఒక్కో పేరా, ఆ కింద తేదీల గళ్లు, అడుగున ఒక సూక్తి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ నడిచే ఈ తాలూకాలకు సరిగ్గా కుదిరిన ఏర్పాటు. నానమ్మ తెలుగు పేరా చదువుకుంటుంది, మనవడు దేవనాగరి చదువుకుంటాడు. జనవరి నుంచి ఆగస్టు దాకా ఉన్న ఎనిమిది ఆకుల కోసం దీన్ని కొనొచ్చు. తర్వాతి నాలుగింటిని పెన్ను పట్టుకుని చదవాలి. సూక్తుల్లో సగం మీద కాగితం అతికించుకున్నా నష్టం లేదు.

రూమీ పేరుతో బజారుకొచ్చే సరుకంతా 1244తో మొదలవుతుంది. ఊరూరా తిరిగే సూఫీ షమ్స్ తబ్రేజీ ఇప్పటి తుర్కియేలోని కోన్యాలో అడుగుపెట్టాడు, మౌలానా పుస్తకాలు పక్కన పడేసి గిర్రున తిరగడం మొదలుపెట్టాడు, అయిపోయింది కథ. అప్పటికే రూమీకి 37 ఏళ్లు. మదరసాలో పాఠం చెప్పే పండితుడు, ఫత్వా అడిగితే చెప్పగల హనఫీ ఫకీహు (ధర్మశాస్త్రజ్ఞుడు), శుక్రవారం ప్రసంగానికి జనం గుమిగూడే వక్త. ఈ కేలండర్ ఆ ముప్పై ఏడేళ్లకూ ఎనిమిది ఆకులు ఇచ్చింది. ఆ ఒక్క నిర్ణయానికే సగం మార్కులు వేయొచ్చు.

జనవరి ఆకు పుట్టుక గురించి. 1207 సెప్టెంబరు 30, హిజ్రీ 604 రబీఉల్ అవ్వల్ 6. తేదీలు సరిగ్గా ఉన్నాయి. ఊరు బల్ఖ్ అని ఢంకా బజాయించి చెప్పారు. తండ్రి బహావుద్దీన్ వలద్ ఆ కాలంలో వఖ్ష్ అనే చిన్న ఊళ్లో ప్రసంగాలు చేస్తుండేవాడు. అది ఇప్పటి తజికిస్తాన్‌లో ఉంది. అందుకే పుట్టింది అక్కడే అయివుండొచ్చని పరిశోధకుల్లో చాలామంది అంటారు. బల్ఖ్ వాళ్ల ఇంటి ఊరు కాబట్టి పేరు దానితోనే నిలిచింది. ఒక్క వాక్యం కలిపితే సరిపోయేది.

ఫిబ్రవరి ఆకులో వలస దారి పటం ఉంది. మంగోలుల దాడికి భయపడి పారిపోయారని రాశారు. చెంగిజ్ ఖాన్ సేన బల్ఖ్‌ను నేలమట్టం చేసింది 1220-21లో. ఈ కుటుంబం అంతకు కొన్నేళ్ల ముందే ఊరు విడిచింది. రాబోయే ముప్పు తెలిసి కదిలారా, ఆ ప్రాంతాన్ని ఏలే ఖ్వారజమ్ షా కొలువుతో పొసగక కదిలారా అన్నది వేరే చర్చ. కాలుతున్న ఊరి నుంచి బండ్లు బయల్దేరుతున్నట్టు వేసిన బొమ్మ మాత్రం కల్పన. మార్చిలో నిషాపూర్, అక్కడ వృద్ధ కవి అత్తార్ ఈ పిల్లవాణ్ణి చూసి పుస్తకం చేతిలో పెట్టి దీవించడం. రూమీ తండ్రి రాసుకున్న వాటిలోగానీ, రూమీ కొడుకు సుల్తాన్ వలద్ రాసిన దాంట్లోగానీ ఈ భేటీ లేదు, తర్వాతి వాళ్లు చెప్పిందే. కేలండర్ రాసినాయన దీన్ని “అంటారు” అనే ముగించాడు. ఈ జాగ్రత్త అక్టోబరు ఆకులో ఏమైందో తెలీదు.

ఏప్రిల్, మే ఆకులు బగ్దాద్, మక్కా, మలత్యా, ఎర్జిన్‌జాన్ మీదుగా లారందె దాకా నడుస్తాయి. లారందెను ఇప్పుడు కరమాన్ అంటున్నారు. తల్లి మోమినా ఖాతూన్ సమాధి అక్కడే ఉంది. 1225లో గౌహర్ ఖాతూన్‌తో నికా, మరుసటి ఏడు సుల్తాన్ వలద్ పుట్టుక. ఈ రెండు ఆకుల్లో వేలు పెట్టే చోటు లేదు. జూన్‌లో సెల్జూక్ సుల్తాన్ అలావుద్దీన్ కైకుబాద్ పిలుపు మీద కోన్యా చేరడం. ఇక్కడే పటంలో పెద్ద పొరపాటు దొర్లింది. “రూమ్” అని రాసి బాణం గుర్తును ఇటలీ వైపు తిప్పారు. సెల్జూకుల రూమ్ అంటే అనటోలియా, ఇప్పటి తుర్కియే నడిభాగం. బైజాంటియం వాళ్లను రోమన్లని పిలిచే అలవాటు కొద్దీ వచ్చిన పేరు. ఈ పటం చూసిన పిల్లలు రూమీది రోము నగరమని పరీక్షలో రాసేస్తారు.

జులై, ఆగస్టు ఆకులు ఈ కేలండర్‌కు ప్రాణం. 1231 ఫిబ్రవరి 23న తండ్రి పోయాడు. ఇరవై మూడేళ్ల కొడుకు ఆ పాఠపీఠం మీద కూర్చున్నాడు. మరుసటి ఏడు తండ్రి శిష్యుడు బుర్హానుద్దీన్ ముహఖ్ఖిఖ్ తిర్మిజీ వచ్చి, నీకు తండ్రి బయటి విద్య అబ్బింది, లోపలి విద్య ఇంకా అబ్బలేదని చెప్పి కుర్రవాణ్ణి మళ్లీ విద్యార్థిని చేశాడు. హలబ్ (అలెప్పో), దమిష్క్ (డమాస్కస్) మదరసాలకు పంపాడు. తిరిగొచ్చాక చిల్లాలు పట్టించాడు. చిల్లా అంటే నలభై రోజుల ఏకాంత సాధన. ఇదంతా దాదాపు తొమ్మిదేళ్లు సాగింది. ఆ కాలపు మదరసాలో ఏం చదివేవారో ఆగస్టు ఆకులో చిన్న పట్టిక వేశారు: తఫ్సీరు (ఖురాన్ వ్యాఖ్యానం), హదీసు (ప్రవక్త మాటలు), ఫిక్హ్ (ధర్మశాస్త్రం), అరబ్బీ వ్యాకరణం, సాహిత్యం. పట్టిక బాగుంది, ఇంకో అడుగు వేసి ఉంటే ఇంకా బాగుండేది. రూమీ మహాకావ్యం మస్నవీ మొదటి దఫ్తరుకు (సంపుటానికి) ఆయన రాసిన ముందుమాట అరబ్బీ వచనంలో ఉంటుంది. అందులో తన గ్రంథాన్ని “ధర్మ మూలాల మూలాల మూలం” అనీ, అల్లాహ్ ఫిక్హ్‌లలోకెల్లా పెద్దదనీ చెప్పుకున్నాడు. ప్రేమ కవిత్వమని ఇప్పుడు అమ్ముతున్న పుస్తకానికి రాసినవాడు వేసిన అట్ట అది. పుట పుటకీ ఖురాన్ ఆయతులూ హదీసులూ తగులుతాయి. ఆ తొమ్మిదేళ్ల చదువు తెలియకపోతే మస్నవీలో సగం ఎక్కదు.

సెప్టెంబరు నుంచి కేలండర్ జారుతుంది. షమ్స్ రాకకు 1244 నవంబరు 15 అని వేశారు. చాలా చోట్ల కనిపించే తేదీయే. పక్కనే హిజ్రీ 642 జుమాదల్ ఆఖిర్ 26 అని కూడా ఉంది. రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. హిజ్రీ 642 మొదలైంది 1244 జూన్ 9న. ముహర్రం నుంచి జుమాదల్ అవ్వల్ దాకా అయిదు నెలలు 30, 29, 30, 29, 30, మొత్తం 148 రోజులు. కాబట్టి జుమాదల్ ఆఖిర్ 1 అంటే నవంబరు 4. దాని 26వ రోజు నవంబరు 29. నెలవంక తేడాతో ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, రెండు వారాలు కావు. హిజ్రీ తేదీని నిలబెట్టి ఇంగ్లీషు తేదీని దిద్దుకోండి.

అక్టోబరు ఆకులో షమ్స్ మాయమవడం. 1246లో ఒకసారి వెళ్లిపోయాడు, సుల్తాన్ వలద్ దమిష్క్ వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడు, 1247-48లో రెండోసారి కనబడకుండా పోయాడు. అంతవరకు ఖాయం. రూమీ రెండో కొడుకు అలావుద్దీన్ ప్రమేయంతో చంపేసి బావిలో పడేశారని కేలండర్ తీర్పు చెప్పేసింది. ఈ హత్య మాట అఫ్లాకీ రాసిన జీవితచరిత్ర నుంచి వచ్చింది. అతను రాయడం మొదలుపెట్టింది 1318లో, ముగించింది 1353లో. అంటే సంగతి జరిగిన డెబ్బై ఏళ్ల తర్వాత. దగ్గరుండి చూసిన సుల్తాన్ వలద్ తన రాతలో హత్య ఊసే ఎత్తలేదు. చచ్చిపోయిన మనిషి మీద, అదీ మౌలానా కొడుకు మీద, గోడకెక్కించి హత్యానేరం మోపేటప్పుడు మార్చిలో వాడిన “అంటారు” ఇక్కడా వాడాల్సింది. సలాహుద్దీన్ జర్కూబ్‌కు ఇదే ఆకులో రెండే వాక్యాలు దక్కాయి. కంసాలి పని చేసుకునే ఈ మనిషిని షమ్స్ తర్వాత రూమీ తన ఆంతరంగికుడిగా ఎంచుకున్నాడు. చదువు రానివాణ్ణి నెత్తిన పెట్టుకున్నాడని శిష్యులు గొణిగినా లెక్కచేయక, అతని కూతురు ఫాతిమాను కోడలిగా తెచ్చుకున్నాడు.

ఇదే ఆకు మీద సమా (గిర్రున తిరిగే సూఫీ సాధన) బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చేశారు. రూమీ బాటలోని మౌలవీ దర్వేషులు ఎడమ కాలు నేలకు ఆనించి దాని చుట్టూ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతారు. కుడి అరచేయి పైకి, ఎడమ అరచేయి కిందికి ఉంటుంది. బొమ్మలో ఎడమ చేయి పైకి ఉంది. పేజీ అమర్చేటప్పుడు మనిషి ముఖం లోపలి వైపు ఉండాలని బొమ్మను పక్కకు తిప్పేస్తుంటారు, ఇక్కడ జరిగింది అదే. వెనక గోడ మీది రాత కూడా తిరగబడింది చూడండి, అదే సాక్ష్యం. నాలుగు సలాములతో, తెల్లని తెన్నూరె అంగీ, పొడవాటి టోపీతో ఇప్పుడు మనం చూసే క్రమం సుల్తాన్ వలద్ కాలం నుంచి తరాలపాటు కుదురుకుంటూ వచ్చింది. బొమ్మ కింద “రూమీ కనిపెట్టిన నృత్యం” అని రాయడం తగదు.

నవంబరు ఆకు మస్నవీది. శిష్యుడు హుసాముద్దీన్ చలబీ అడిగితే రూమీ తలపాగాలోంచి మొదటి పద్దెనిమిది బైతుల (ద్విపదల) కాగితం తీసి ఇచ్చాడనీ, మిగతాది ఆయన చెబుతుంటే హుసాముద్దీన్ రాసుకున్నాడనీ బాగా చెప్పారు. ఆరు దఫ్తర్లు, 25 వేల పైచిలుకు బైతులు. మొదటి దఫ్తరుకూ రెండోదానికీ మధ్య హుసాముద్దీన్ భార్య పోయి పని ఆగింది, రెండోది హిజ్రీ 662లో మొదలైంది. ఇంతటి గ్రంథానికి ఒక్క ఆకు, వలసకు నాలుగు ఆకులు. పంపకం కుదరలేదు.

ఆ ఆకు మీద మొదటి బైతును తెలుగు లిపిలో ఇచ్చినందుకు మెచ్చుకోవాలి. ఇచ్చిన తీరు మాత్రం ఛందస్సును విరగ్గొట్టింది. మస్నవీ ఛందస్సు (బహర్) రమల్: ఫాఇలాతున్ ఫాఇలాతున్ ఫాఇలున్. మన లెక్కలో పాదానికి పదకొండు అక్షరాలు, ర-త-మ గణాలు, పైన లఘువు గురువు. కేలండర్‌లో “బిష్నౌ అజ్ నై” అని వేశారు. అలా చదివితే మొదట్లోనే నాలుగు గురువులు పడి రగణం పోతుంది. నోటితో చదివేటప్పుడు రెండు మాటలు కలిసిపోతాయి కాబట్టి ఇలా రాసుకోవాలి:

బిష్నవజ్ నయ్ చూఁ హికాయత్ మీకునద్
వజ్ జుదాయీహా షికాయత్ మీకునద్

బిష్ గురువు, న లఘువు, వజ్ గురువు, నయ్ గురువు. ఇప్పుడు రెండు పాదాలూ తూకానికి సరిపోతాయి. వేణువు ఏం చెబుతోందో విను, ఎడబాటు గురించి మొరపెట్టుకుంటోంది అని భావం. 1278లో రాసి ఇప్పటికీ కోన్యాలో భద్రంగా ఉన్న పాత ప్రతిలో హికాయత్, షికాయత్ అటుదిటు అయి, ముందు మొర, తర్వాత కథ వస్తాయి. మన దేశపు ముద్రణల్లో ఎప్పటినుంచో పై పాఠమే ఉంది కనుక దాన్ని తప్పనలేం.

ఏనుగు బొమ్మను మాత్రం తప్పనాల్సిందే. మూడో దఫ్తరులోని ఏనుగు కథకు మనకు తెలిసిన అంధగజ న్యాయం బొమ్మ వేసేశారు, కళ్లకు గంతలు కట్టిన ఆరుగురితో. రూమీ చెప్పిన కథలో గుడ్డివాళ్లు లేరు. హిందువులు ప్రదర్శనకు తెచ్చిన ఏనుగు చీకటింట్లో ఉంది. చూడవచ్చినవాళ్లు తడిమి చూసి తొండం దొరికినవాడు గొట్టమన్నాడు, చెవి దొరికినవాడు విసనకర్రన్నాడు. తలా ఒక కొవ్వొత్తి ఉంటే తగువే ఉండేది కాదంటాడు ఆయన. గుడ్డితనం అయితే తీరదు, చీకటి అయితే దీపంతో పోతుంది. ఆ కొవ్వొత్తే కథకు ఆయువుపట్టు, బొమ్మలో అదే లేదు.

డిసెంబరు ఆకులో వయసు రెండు చోట్ల రెండు రకాలుగా పడింది: పైన 66, కింద 68. రెండూ నిజమే. 1207 నుంచి 1273 దాకా సూర్యమానంలో 66 ఏళ్లు. హిజ్రీ 604 నుంచి 672 దాకా చాంద్రమానంలో 68. చెప్పకుండా వేస్తే అచ్చుతప్పులా కనిపిస్తుంది. కన్నుమూసిన రోజు 1273 డిసెంబరు 17, జుమాదల్ ఆఖిర్ 5. కోన్యాలో ఏటా డిసెంబరు 17నే జరుపుతారు, కేలండర్ కూడా అక్కడే ఎర్రచుక్క పెట్టింది. మన దర్గాల పద్ధతిలో హిజ్రీ తిథిని బట్టి లెక్కపెట్టుకునేవాళ్లకు 2026లో ఆ రోజు నవంబరు 16 ప్రాంతంలో వస్తుంది. నవంబరు గళ్లలో దాని జాడ లేదు.

ఇక సూక్తులు. మస్నవీలోని ఏ మాటకైనా దఫ్తరు, బైతు సంఖ్య చెప్పొచ్చు. ఇంగ్లీషు పండితుడు నికల్సన్ 1925 నుంచి 1940 దాకా వేసిన ప్రతి వచ్చాక ఆ అంకెలు స్థిరపడ్డాయి. ఇక్కడ పన్నెండింటిలో ఏ ఒక్కదానికీ అంకె లేదు. “ఎవరివైనా సరే రా, వెయ్యిసార్లు మాట తప్పినా రా” అన్న ఏప్రిల్ సూక్తి రూమీ పాత ప్రతుల్లో లేదు. ఆయనకంటే రెండు వందల ఏళ్ల ముందటి అబూ సయీద్ అబుల్ ఖైర్ పేరు మీద చెలామణిలో ఉన్న నాలుగు పాదాల రుబాయీ అది. “తప్పు ఒప్పుల ఆవల ఒక మైదానం ఉంది” అన్న జూన్ సూక్తికి మూలం ఉంది, కానీ అక్కడ ఉన్నది కుఫ్ర్ (అవిశ్వాసం), ఇస్లాంల ఆవలి మైదానం. అమెరికా అనువాదం దారిలో వచ్చేసరికి మత పండితుడి మాటలు రాలిపోయి నీతివాక్యం మిగిలింది. ఎనిమిది ఆకుల్లో పండితుణ్ణి ఇంత శ్రద్ధగా నిలబెట్టి, అదే ఆకుల అడుగున అతణ్ణి తుడిచేయడం ఈ కేలండర్‌లో అన్నిటికంటే చిరాకు పుట్టించే విషయం. ఫార్సీ వచ్చిన ఒక్కరికి ప్రూఫు చూపించి ఉంటే సరిపోయేది.

అట్ట మీది గడ్డం ముఖాన్ని రూమీ చిత్రమని నమ్మకండి. ఆయన కాలపు చిత్రమేదీ నిలవలేదు. సెల్జూక్ రాణి గుర్జీ ఖాతూన్ కోరిక మీద ఐనుద్దౌలా అనే చిత్రకారుడు ఇరవై కాగితాల మీద గీశాడనీ, ఏ రెండూ ఒకేలా రాలేదనీ అఫ్లాకీయే రాశాడు.

అచ్చుపని సంగతి. కాగితం 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్. రంగులు నిండుగా కుదిరాయి, కోన్యా ఆకుపచ్చ గుమ్మటం బొమ్మ ముచ్చటగా ఉంది. ఈ నునుపు కాగితం సిరాను పీల్చుకోదు, పాల లెక్కా గ్యాస్ బండ తేదీ జెల్ పెన్నుతో రాస్తే చేయి తగిలి అలుక్కుపోతుంది. బాల్ పెన్నుతోనే రాయాలి. తేదీల గళ్లకైనా పూత లేని మ్యాప్లితో కాగితం వాడి ఉండాల్సింది. పైన వైరో తీగ ఉంది, ఆకు తిప్పడం సులువు. ఫ్యాను గాలికి ఊగే చోట పెడితే రెండు నెలలకే రంధ్రాలు చిరుగుతాయి. అడుగున ఒక బట్టల క్లిప్పు తగిలిస్తే ఆగుతుంది.

తెలుగు పేరాలు 9 పాయింట్లలో వేశారు, గోడ మీద చదవడం కష్టం. పైగా వరుసల మధ్య దూరం దేవనాగరికి సరిపడేంతే వదిలారు. మన ఒత్తులు కిందికి దిగుతాయి కదా, అవి కింది వరుసలోని గుడులతో ఢీకొంటున్నాయి. “ముహఖ్ఖిఖ్” దగ్గర చూడండి, ఖ-ఒత్తు కింది మాటలో కూరుకుపోయింది. ఆగస్టు ఆకులో ఉర్దూ శీర్షిక అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి పడ్డాయి. కుడి నుంచి రాసే లిపిని అర్థం చేసుకోని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఇలాగే అవుతుంది. ఉర్దూ అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌లో కూర్చి గీతలుగా మార్చి తెస్తే ఈ బాధ ఉండదు. మిగతా పదకొండు ఆకుల్లో నస్తాలీఖ్ (ఉర్దూ రాత శైలి) చక్కగా ఉంది కాబట్టి ఇది చివరి నిమిషంలో మార్చిన శీర్షిక అయివుండాలి.

పంచాంగం వరుసలో చాంద్రమాసాలు, అమావాస్య, పున్నమి ఉన్నాయి. తెలుగు, మరాఠీ నెలలు రెండూ అమావాస్యతోనే ముగుస్తాయి కాబట్టి ఉగాది, గుడిపాడవ ఒకే గడిలో చక్కగా ఇమిడాయి. హిజ్రీ తేదీలు లెక్క ప్రకారం వేసినవి. నెలవంక కనబడ్డాక ఒక రోజు జరగొచ్చు, పీర్ల పండుగకూ రంజానుకూ పెన్సిలు గుర్తే మంచిది. సెలవులన్నీ మహారాష్ట్రవి, సెప్టెంబరు 17 మరాఠ్వాడా ముక్తి దినంతో సహా. సరిహద్దు దాటి బాసర, నిజామాబాద్ వైపు పనికి వెళ్లేవాళ్లు తెలంగాణ సెలవులకు వేరే కేలండర్ చూసుకోవాల్సిందే.

కొనేటప్పుడు చుట్ట విప్పి పన్నెండు ఆకులూ లెక్కపెట్టండి. కొన్ని ప్రతుల్లో మార్చి రెండుసార్లు పడి మే లేదు, అలాంటిది దుకాణంలోనే మార్చుకోవాలి. చుట్ట చుట్టింది కాకుండా పరిచి ఉంచినది అడగండి, ఆర్ట్ పేపర్ ఒకసారి చుట్టుకుపోతే వారం దాకా గోడకు ఆనదు. సంక్రాంతి దాటితే ఎటూ ధర దిగుతుంది. పిల్లలకు జీవితకథ చెప్పడానికి కొనేవాళ్లు అప్పటిదాకా ఆగినా పోయేదేమీ లేదు, ఆ ఎనిమిది ఆకులూ ఏడాది దాటాక కూడా పనికొస్తాయి.